అటక దిగిన బూట్లు

నా ముక్కులో ఉక్కు ఉంది. ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినా లోపలి వేళ్లు నలగకూడదని మా జాతికి పరీక్ష పెడతారు. ఐఎస్ 15298 అని ఒంటి మీద ముద్ర కూడా ఉంది. ఇంత గొప్ప పుట్టుక పుట్టి కొలువులో మొదటి రోజులు నేను ఎక్కడ గడిపానంటే, ములకలపల్లి మండలంలో ఒక కోయగూడెంలో, పెంకుటింటి అటక మీద, ఎండిన ఇప్పపువ్వు మూట పక్కన.

మావాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, పాల్వంచ వైపు ఒక కర్మాగారంలో ఏడాది అప్రెంటిస్‌గా చేరాడు. చేరిన రోజే స్టోర్స్‌లో సంతకం పెట్టించుకుని నన్ను చేతికిచ్చారు. ఇంటికి తెస్తే వాళ్లమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత మంచి బూట్లు డ్యూటీకెందుకురా, ఖరాబైతయ్. పెండ్లిళ్లకు ఏసుకుందువు గానీ" అని అటకెక్కించింది. వాడు చెప్పులతోనే బయల్దేరాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

"బూట్లేవి తమ్ముడూ?"

"ఇంట్ల ఉన్నయన్నా."

"అయితే ఇంటికే పో. పోయి వాటిని తోలుకొనిరా."

ఆ రోజు పని పోయింది, బస్సు చార్జీ పోయింది. నేను మాత్రం అటక దిగాను.

వాళ్లమ్మను తప్పుబట్టలేను. తునికాకు కల్లం దగ్గర కట్టల లెక్క ఎంతంటే అంతకు తలూపి వచ్చే ఇల్లది. చేతికొచ్చింది దాచుకుంటారు, రానిది అడగరు. మావాడికీ అదే మొహమాటం. క్యాంటీన్‌లో తక్కువ ధరకు భోజనం పెడుతుంటే షెడ్డు వెనక కూర్చుని డబ్బా అన్నం తినేవాడు. అది పర్మినెంటు వాళ్ల కోసమని వాడి నమ్మకం.

ఆ నమ్మకాన్ని వదిలించింది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక ఎలక్ట్రీషియన్. మనిషి ఒకప్పుడు యూనియన్‌లో తిరిగినవాడు, సెక్షన్ల నంబర్లు నోటికొచ్చు. ఒకరోజు మావాణ్ని చెయ్యిపట్టి క్యాంటీన్‌కు లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. బల్ల కింద నేను అంతా విన్నాను. 1961 అప్రెంటిస్‌ల చట్టం పద్దెనిమిదో సెక్షన్ అప్రెంటిస్ కార్మికుడు కాదంటుంది. కానీ పద్నాలుగో సెక్షన్ ప్రకారం ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం వాడికీ కార్మికుడితో సమానంగా వర్తించేది. 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీన్ ఉండాలన్న ఆ 1948 చట్టం మాట ఈ సంక్షేమంలోదే. "దెబ్బ తగిలితే నష్టపరిహారం కూడా ఇయ్యాలె, పదహారో సెక్షన్. నీకు బూట్లిచ్చింది దయతోననుకున్నవా?" అన్నాడు. నాకు కొంచెం గర్వమనిపించింది, దాచడమెందుకు.

ఆ తర్వాత మావాడు స్టైపెండ్ లెక్క కూడా చూసుకోవడం మొదలుపెట్టాడు. 2019 సవరణ ప్రకారం అప్పట్లో ఐటీఐ వాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయలు ఇవ్వాలి. కేంద్ర పథకం కింద అందులో పావువంతు, 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరించేది. పాస్‌బుక్కులో ఒక నెల ఆ వాటా కనబడలేదు. వెళ్లి అడిగాడు. ఆధార్ ముడిపడలేదన్నారు, సరిచేశారు. అంతే. అంత చిన్న పనికి ముందు రాత్రంతా నిద్రపోలేదు వాడు.

అయితే నాకు ఎక్కువ ఇష్టమైనది డబ్బూ కాదు, భోజనమూ కాదు. 'కార్మికుడు కాదు' అన్న మాటను అందరూ ఏడుస్తూనే చెబుతారు. నిజమే, దాన్ని అడ్డం పెట్టుకుని పర్మినెంటు పని చవగ్గా చేయించుకునేవాళ్లూ, చీపురిచ్చి ఏడాది గడిపించేవాళ్లూ ఉన్నారు. కానీ నేర్చుకునేవాడికి ఒక వెసులుబాటుంది. ఇరవై ఏళ్ల సర్వీసున్నవాడు "ఇదెట్ల తిరుగుతది?" అని అడిగితే పరువు పోతుంది. మావాడు అడిగితే ఎవరో ఒకరు ఆగి చెబుతారు.

ఓవర్‌హాల్ రోజుల్లో ఇది కళ్లారా చూశాను. యంత్రాలు ఆపి విప్పే సమయమది. మామూలప్పుడు మోటారంటే మూసిన ఇనుపపెట్టె. అప్పుడు మాత్రం రోటర్ బయటికొస్తుంది, వైండింగ్ కనిపిస్తుంది, బేరింగ్ అరుగుదల వేలికి తగులుతుంది. తోటివాళ్లు కొందరు సెలవు పెట్టి ఊళ్లకు పోయారు. మావాడు ఉంటానని అడిగి మరీ ఉన్నాడు. పెద్దాయన మెగ్గర్ చేతికిచ్చి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూడమన్నాడు. వాడు తప్పు టెర్మినల్ దగ్గరికి పోతుంటే తిట్టి, మళ్లీ చూపించాడు. అప్పుడంటిన గ్రీజు మరక నా ఎడమ మడమ మీద ఇప్పటికీ ఉంది.

2024 ఆగస్టు నెల మా ఇద్దరికీ పండగే. 5వ తేదీన పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత యూనిట్ల కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. పది రోజులకు, ఆగస్టు 15న, ములకలపల్లి మండలంలోనే పూసుగూడెం దగ్గర సీతారామ ఎత్తిపోతల పంపులను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. గోదావరి నీళ్లు అశ్వాపురం మండలం బీజీ కొత్తూరులో ఒకసారి, పూసుగూడెంలో రెండోసారి, కమలాపురంలో మూడోసారి పైకెక్కాలి. మూడింట్లో రెండు పంప్‌హౌస్‌లు మా మండలానివే. గూడెంలో ముసలాయన ఒకాయన "ఇంత నీళ్లు గుట్టెట్ల ఎక్కినయ్‌రా?" అంటే, మావాడు నన్ను వేసుకుని మట్టిలోనే రోటర్, స్టేటర్ గీసి చూపించాడు. గీతలు గీసింది నా కుడి ముక్కుతో.

ఏడాది అయిపోయింది. పరీక్ష రాశాడు, జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు, ఇవ్వలేదు కూడా. దరఖాస్తులు పెట్టుకుంటూనే చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో బోరు మోటార్లు బాగుచేస్తున్నాడు. నా అట్ట ఒకవైపు ఊడింది, చెప్పులు కుట్టేవాడు దారంతో బిగించాడు. ఇంట్లో రోజూ ఒకటే పంచాయితీ. "మనోళ్ల దగ్గర పైసలేందిరా" అని అమ్మ. "పని చేసిన్నమ్మా" అని వాడు. నేను వాడివైపే.