ఓ పొక్లెయినూ, రేపు రా

"పొద్దుగూకాక కోటవైపు వెళ్ళకురా, రాణులు తిరుగుతుంటారు" అనేది మా మామ్మ. మారాం చేయకుండా అన్నం తినడానికి ఆ ఒక్క ముక్క చాలేది. మొన్న పనుండి పెద్దాపురం వెళ్ళి, కోటెక్కడండీ అని టీకొట్టు పెద్దాయన్ని అడిగాను. "మీరు నిలబడ్డదే కోటండి, ఆయ్" అన్నాడు. కింద సిమెంటు రోడ్డు, పక్కన డాబా. నేను నిలబడ్డానికే చోటు చాల్లేదు, రాణులెక్కడ తిరుగుతారు?

నిజానికి దెయ్యాలవడానికి వాళ్ళకి లేని అర్హత లేదు. వత్సవాయి వారి సంస్థానమది. 1730ల్లో రాజమహేంద్రవరం ఫౌజుదారు రుస్తుంఖాన్, ఎదురు తిరిగిన జమీందార్ల తలలు నరికి గుట్టలు పేర్పించాడని పేరుమోసిన మనిషి, దానిమీద పడ్డాడు. బలంతో కాక సంధి పేరు చెప్పి గెలిచాడనీ, రాణి రాగమ్మా అంతఃపురం ఆడవాళ్ళూ మంటలకి బలయ్యారనీ చెప్పుకుంటారు. 1757లో బొబ్బిలిదీ ఇంచుమించు ఇదే గోడు. వాళ్ళకి ఎన్టీఆర్ సినిమా దొరికింది, వీళ్ళకి మా మామ్మ దొరికింది.

అసలు దెయ్యమంటే జీతం లేని వాచ్‌మన్. దెయ్యముందని పేరుపడ్డ ఇంటి గోడకి ఆనించి పాక వేసే మొనగాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. రాజస్థాన్‌లో భాన్‌గఢ్ కోట దగ్గర, చీకటిపడ్డాక లోపలికి రావద్దని పురావస్తు శాఖ బోర్డు పెట్టింది. బోర్డులో దెయ్యం మాట లేకపోయినా జనం అలాగే చదువుకున్నారు.

మనకొచ్చిన చిక్కల్లా లంకెబిందెలతోనే. పాత కోటంటే దెయ్యం కథా ఉంటుంది, లంకెబిందెల కథా ఉంటుంది. రెండూ వినిపించి చూడండి, మనవాడు అమావాస్య రాత్రి చంకలో కోడినీ భుజాన గునపాన్నీ పెట్టుకుని బయల్దేరతాడు. దారిలో ఎదురైతే పాపం దెయ్యమే పక్కకి తప్పుకోవాలి. ఊరి పాండవుల మెట్ట గుహలోంచి రాజమండ్రికి సొరంగముందంటారు కదా, దాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. సొరంగంలో సెంటు భూమి ఎంతకి పోతుంది గనక!

ఒకప్పుడు మన తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నాం, గుర్తుందా? ఆవిడ రాత్రి వచ్చేది, చదివేది, మాట మీద గౌరవంతో వెనక్కి వెళ్ళేది. మర్నాడూ అంతే. నోటీసుకి అంత విలువిచ్చిన జీవి ఈ రాష్ట్రంలో మళ్ళీ పుట్టలేదు. ఆ ధైర్యంతోనే, కోటకి మిగిలిన ఒక్క గోడముక్క మీద "ఓ పొక్లెయినూ, రేపు రా" అని రాద్దామని సుద్దముక్క కొన్నాను.

టీకొట్టు పెద్దాయన గ్లాసు కడుగుతూ నావైపు జాలిగా చూశాడు.

"అది నిన్ననే వచ్చెళ్ళిందండి, ఆయ్."