తెల్లనివన్నీ విషం, తేటవన్నీ తీర్థం

నిన్నటిదాకా బాగానే వచ్చిన నల్లా నీళ్లు ఇవాళ పొద్దున రంగు మారాయా? హైదరాబాద్‌లో కాపురం ఉంటున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. అయినా ప్రతిసారీ అవే తప్పులు: గాజుగ్లాసులో పట్టి చూడటం, పక్కింటివాళ్లని అడగటం, ఏ నల్లాలో వస్తోందో గమనించటం. ఇలాంటి పనులు చేస్తే కారణం తెలిసిపోతుంది. కారణం తెలిస్తే కాలనీ వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకోవటానికి ఏం మిగులుతుంది? అందుకే ఈ పద్ధతులు.

పాలలా తెల్లగా వచ్చే నీళ్లతో మొదలుపెడదాం. వీటిని మించిన ప్రమాదం లేదని గట్టిగా నమ్మండి. ఎవరో సున్నం కలిపారని రాసి గ్రూపులో ఫొటో పెట్టండి. ఫొటో మాత్రం పట్టీపట్టగానే తీయాలి. సరఫరా ఆగి మళ్లీ మొదలైనప్పుడు పైపులో చిక్కుకున్న గాలి ఒత్తిడికి నీళ్లలో కరిగి, నల్లా దాటగానే సన్నటి బుడగలై బయటపడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగారంటే గ్లాసు అడుగు నుంచి పైకి తేటపడుతుంది, మీ సాక్ష్యం పోతుంది.

క్లోరిన్ వాసన వస్తే ఆ నీళ్లు మొక్కలకి కూడా పోయకండి. వానాకాలం చెరువుల్లోకి, నదుల్లోకి బురదనీరు చేరినప్పుడు మందు మోతాదు పెంచుతారు. నల్లా దాకా వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణం అంటుంది. అననివ్వండి. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపులో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి చూస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపెక్కుతాయి. పసుపు నీళ్లు ఎవరు తాగుతారండీ! ఇక రోజూ వచ్చే ఆ వాసన ఓ పూట హఠాత్తుగా మాయమైతే పండగ చేసుకోండి. దారిలో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్‌ని మింగేసిందేమో అన్న పాడు ఆలోచన అప్పుడు పెట్టుకోకూడదు.

అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసింది నల్లా వదిలిన తొలి నిమిషాల విద్య. మనకి రోజు విడిచి రోజు నీళ్లు. లైను ఖాళీగా ఉన్న గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి, పగుళ్లు ఉన్నచోట చుట్టూ నిలిచిన నీరు లోపలికి దిగుతుంది. పక్కనే మ్యాన్‌హోల్ పొంగుతూ ఉంటే దిగేది ఏమిటో చెప్పనక్కర్లేదు. నీళ్లు వదలగానే ముందుగా ఇంటికి చేరేది అదే. కాబట్టి తాగే బిందెలు ముందు పట్టుకోండి, బట్టలకీ బాత్రూముకీ తర్వాత వచ్చే మంచినీళ్లు వాడండి. ధార సన్నగా ఉంటే లైనుకే నేరుగా మోటారు బిగించండి. అది మీ వాటా నీళ్లతోపాటు పగుళ్ల పక్కనున్నదాన్ని కూడా పీల్చి తెస్తుంది. ఊరికి నీళ్లిచ్చే జలమండలివాళ్లు చూస్తే మోటారు పట్టుకుపోతారు గనుక తెల్లవారుజామున వేసుకోవాలి. 2009 మేలో మన ఊరి భోలక్‌పూర్‌లోనే తాగునీటిలో మురుగు కలిసి మనుషులు చనిపోయిన సంగతి ఎవరైనా ఎత్తితే, మాది గేటెడ్ కమ్యూనిటీ అనండి. భూమిలో పోయే పైపుకి గేటు సంగతి తెలియదు, కానీ ఆ మాట వాళ్లకి తట్టదు. కాచుకుని తాగాలనిపిస్తే గోరువెచ్చన కాగానే దించేయండి. సలసల మరుగుతూ ఒక్క నిమిషం ఉంటే క్రిములు చస్తాయి. జీవహింస.

ఎర్రనీళ్ల లెక్క తేలిక. మీ ఇంట్లో ఒక్క నల్లాలోనే వస్తే జలమండలిని తిట్టండి. కాలనీ మొత్తానికి వస్తే, అదీ లైను మరమ్మతు అయిన మర్నాడే వస్తే, ప్లంబర్‌ని పిలిచి మీ ఇంటి పైపులన్నీ పీకించండి. గీజర్ నీళ్లు మాత్రమే ఎర్రగా ఉంటే గోదావరి వరదని అనుమానించండి. సంపు మూత మాత్రం తీయకండి. గృహప్రవేశం నాటి నుంచి అడుగున పేరుకున్న బురద, నీళ్లు తగ్గినప్పుడు మోటారు వేస్తే పైట్యాంకులోకి లేస్తుందంటారు. మన ఇంటి గుట్టు మనమే బయటపెట్టుకుంటామా?

రుచి మారిందా? గండిపేట నీళ్ల రోజులే వేరని నిట్టూర్చండి. ఆ గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, కట్టి వందేళ్లు దాటింది. ఇప్పుడు కృష్ణ, గోదావరి, మంజీర కూడా ఈ ఊరి దాహం తీరుస్తున్నాయి. ఒక మూలం బదులు ఇంకో మూలం నీళ్లు మీ వాడకి మళ్లిస్తే రుచి మారుతుంది, పప్పు ఉడికే తీరు మారుతుంది. ఇదంతా వివరించే లైన్‌మన్ ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోండి.

ఫిల్టర్ అమ్మే కుర్రాడు వస్తే కుర్చీ వేయండి. రెండు గ్లాసుల్లో, నల్లా నీళ్లలో ఒక జత, ఆర్‌వో నీళ్లలో ఒక జత లోహపు కడ్డీలు ముంచి కరెంటు ఇస్తాడు. నల్లా నీళ్లు చూస్తుండగానే మడ్డిలా తయారవుతాయి, ఆర్‌వో నీళ్లు తళతళలాడుతూ ఉంటాయి. ఆ మడ్డి ఇనుప కడ్డీ కరగటం వల్ల వచ్చిందని, ఆర్‌వో నీళ్లలో లవణాలు లేక కరెంటే పారలేదని గ్రహించటం మర్యాద కాదు. వాటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూపించు బాబూ అని అసలు అడగకండి, అవీ మడ్డిగానే అవుతాయి, కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడు. టీడీఎస్ మీటరు కూడా కొనుక్కోండి. అది కరిగిన లవణాలనే లెక్కిస్తుంది, కలరా క్రిమిని చూడలేదు. అంకె తక్కువ వచ్చిందంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఏం జరిగినా జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి ఫోన్ చేయకండి. పొరపాటున ఎవరో చేసి, పరీక్షకి మనిషి సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తే, వీధి నల్లా వైపు వెళ్లనివ్వకండి. లోపలికి పిలిచి, టీ ఇచ్చి, సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్లి ఆర్‌వో నీళ్లు నింపి ఇవ్వండి. మన వీధి రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది.