గూడు కట్టని తండ్రి

నేను బ్లూగిల్ జాతి మగచేపని. కెనడాలో, ఒంటారియో రాష్ట్రపు తూర్పు భాగంలో ఒపినికన్ అనే సరస్సు ఉంది. నేను పుట్టిందీ అక్కడే, దొంగతనాలు చేసిందీ అక్కడే. దొంగతనమని మీరంటారు కాబట్టి నేనూ అంటున్నాను. నిజానికి ఒకరి సొమ్ము ఎత్తుకొచ్చే అలవాటు నాకు లేదు. నా సొమ్మే ఇంకొకడి ఇంట్లో పడేసి చక్కా వచ్చేస్తాను.

మా మగవాళ్లలో రెండు రకాల బతుకులున్నాయి. ఒకటి పెద్దమనిషి బతుకు. ఏడేళ్ల దాకా పెళ్లి ఊసెత్తకుండా తిని, ఒళ్లు పెంచి, ఆ తర్వాత గూడు కట్టి సంసారంలోకి దిగుతాడు. రెండోది నాది. రెండేళ్లకే ఈడుకొచ్చేశాను. అప్పటికి నా పొడవు మీ చూపుడువేలికి కాస్త అటూఇటూ. అంత ఒంటితో గూడు కట్టి నిలబెట్టుకోవడమా? పెద్దవాడు తోకతో ఒక్కటిచ్చుకుంటే ఎక్కడ తేలతానో నాకే తెలియదు. ఒపినికన్‌లో ఇంచుమించు ప్రతి అయిదుగురు మగవాళ్లలో ఒకడు నా దారి పడతాడు. ఒకసారి పట్టాడంటే పెద్దమనిషి అయ్యే యోగం ఇక లేనట్టే. పెరగడానికి పెట్టాల్సిన బలమంతా వీర్యానికే ఖర్చయిపోతుంది. అయిదారేళ్లకు ఆయుష్షు చెల్లుతుంది.

మార్ట్ గ్రాస్ అనే శాస్త్రవేత్త మా సరస్సులో ఈ రెండు బతుకుల్నీ దగ్గరగా చూసి, ఎరిక్ చార్నోవ్‌తో కలిసి 1980లో లెక్క తేల్చాడు. ఏడేళ్లు ఆగుదామనుకున్న వాళ్లలో చాలామంది ఆ ఏడేళ్లూ బతకనే బతకరు. మిగిలినవాళ్లకు పంట బాగా పండుతుంది. మాకు పంట తక్కువే కానీ చేతికి తొందరగా వస్తుంది. త్రాసులో వేస్తే రెండూ దాదాపు సరితూగుతాయని వాళ్ల వాదన. వినడానికి నాకూ హాయిగానే ఉంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మా పెద్దవాళ్లు రెండూ ఒకే ఊపులో కానిచ్చేస్తారు. జూన్‌లో నీళ్లు వెచ్చబడగానే ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోటికి గుంపుగా వస్తారు. ఒక్కొక్కడూ నిలువుగా లేచి తోకతో అడుగు నేలను ఊడుస్తాడు. బురద మేఘంలా లేచి కొట్టుకుపోతుంది. అడుగున నున్నటి గులకరాళ్లు బయటపడతాయి. పళ్లెంలాంటి ఆ గుంటే గూడు. గూడు పక్కనే గూడు, అంచుకు అంచు తగిలేలా పదులకొద్దీ కడతారు. ఇరుగుపొరుగు ఉంటే గుడ్లు తినడానికొచ్చే బుల్‌హెడ్ చేపల్నీ నత్తల్నీ తరమడం తేలిక. వీధి మధ్యలో ఇల్లు దొరికినవాడు మరీ నిశ్చింతగా ఉంటాడు.

నేను ఆ గూళ్ల పక్కన నాచులోనో, మునిగిన కొమ్మ చాటునో నక్కి ఉంటాను. ఆడవాళ్లు గుంపుగా పైనుంచి దిగుతారు. ఒకామె గూట్లోకి వచ్చి యజమాని పక్కన చేరుతుంది. ఇద్దరూ పొట్టా పొట్టా ఆనించుకుని గుండ్రంగా తిరుగుతారు. నేను చూసేది ఒక్కటే. ఆమె ఒంటిని పక్కకు వాల్చి ఒక్కసారి వణకాలి. అలా వాలినప్పుడల్లా ముప్ఫై దాకా గుడ్లు రాలతాయి. ఆ వణుకు మొదలైందో లేదో, రాళ్లకు పొట్ట రాసుకుంటూ వాళ్లిద్దరి కిందికి దూసుకుపోయి, నా వంతు వదిలేసి, అవతలి అంచు మీదుగా పరారు. ఒక్క క్షణం ముందు వెళితే గుడ్లుండవు, వెనక వెళితే యజమాని ముందే ఉంటాడు. నా తోక రెక్క చివర చిరిగింది చూశారా, అది లెక్క తప్పినందుకు పడ్డ జరిమానా.

అంత అదాటుగా దూరినా ఫలితం దక్కడానికి కారణం ఉంది. నా ఒంటి బరువులో వృషణాల వాటా పెద్దవాడి వాటాకు కొన్ని రెట్లు. వదిలే వీర్యమూ చిక్కన. అందులోని కణాలకు ఆయుష్షు తక్కువే కానీ, గుడ్ల నెత్తిమీదే వదిలేవాడికి ఎక్కువ ఆయుష్షుతో పనేముంది?

ఆడది తన పని కాగానే వెళ్లిపోతుంది. నేను అంతకుముందే వెళ్లిపోయాను. మిగిలింది గూటి యజమాని. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు ఈదుకుంటూ బయటికి వెళ్లేసరికి వారం దాటుతుంది. అన్నాళ్లూ రెక్కలతో గుడ్లకు విసురుతూ, సరిగ్గా తిండి కూడా తినకుండా కాపలా కాస్తాడు. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత మా వీధిలో పుట్టి ఉండాల్సింది.

అలాగని ఆయన అమాయకుడేం కాదు. ఈ సంగతి బ్రయాన్ నెఫ్ అనే శాస్త్రవేత్త 2003లో నేచర్ పత్రికలో రాశాడు. గుడ్లు పెట్టే వేళ మా చిల్లరమగవాళ్లను పారదర్శకమైన పాత్రల్లో ఉంచి గూళ్ల పక్కన పెట్టాడు. పాపం, వాళ్లు బయటికి రాలేరు, ఏమీ చేయలేరు. కళ్లకు కనపడ్డారంతే. ఆ మాత్రానికే యజమాని గుడ్ల కాపలాలో మెత్తబడ్డాడు. పిల్లలు బయటపడ్డాక మాత్రం మళ్లీ గట్టిగా కాశాడు. పిల్లల వాసన తగిలింది, తనవాళ్లేనని తెలిసింది. ఇంకో విడతలో కొన్ని గుడ్లను ఎవరికీ తెలియకుండా వేరే గూటి గుడ్లతో మార్చారు. గుడ్లున్నన్నాళ్లూ యజమానికి అనుమానం రాలేదు. పిల్లలు పుట్టాక వాసన చెప్పేసింది, కాపలా సడలింది. అంటే గుడ్డు దశలో ఆయనకు సాక్ష్యం కన్ను, పిల్ల దశలో ముక్కు. ఈ కబురు తెలిశాక కొమ్మ చాటున ఇంకాస్త లోపలికి జరిగాను. నన్ను తరిమినా ఫర్వాలేదు, కానీ చూసి గుర్తుపెట్టుకుంటే నా పిల్లలకే చేటు.

మా గూళ్లలోని పిల్లలకు డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే సగటున 79 శాతం దాకా యజమాని పిల్లలేనని తేలింది. మిగతాది మా వాటా. మరీ అంత అన్యాయం ఏం చేశామండీ? మాకు దూరపు చుట్టాలైన ఎర్రరొమ్ము సన్‌ఫిష్‌ల నదిలో ఇలాగే చూస్తే, గూట్లో పిల్లలు దాదాపు అందరూ కాపలాదారు పిల్లలే. ఇంకో మాట, నేను నా పక్షానే చెప్పుకుంటున్నాననుకోకండి. మావాళ్లకు పుట్టిన పిల్లలు గూడు వదిలేనాటికి పెద్దవాడి పిల్లలకంటే కాస్త బలంగా, పెద్దగా ఉంటారని నెఫ్ పరిశోధనే చెప్పింది. పక్కన మాలాంటివాడు చేరినప్పుడు ఆడవాళ్లు ఎక్కువ గుడ్లు వదులుతారని కూడా గమనించారు. మమ్మల్ని చూసి ఆమె అదిరిపడుతుందని అనుకున్నవాళ్లు ఆ పరిశోధన చదువుకోవాలి.

ఇప్పుడు నాకు నాలుగేళ్లు దాటాయి. ఒళ్లు పెరిగింది, దూరడానికి కొమ్మ చాటు చాలడం లేదు. అందుకే వేషం మార్చాను. ఒంటి రంగు, చారలు అచ్చం ఆడదానివే. న్యూయార్క్ రాష్ట్రంలోని కాజెనోవియా సరస్సులో వాలెస్ డొమినీ ఈ వేషాన్ని పట్టుకుని 1980లో లోకానికి చెప్పాడు. ఇప్పుడు పరుగులు లేవు. గూళ్ల పైన తీరిగ్గా తిరిగి, జంట పని మొదలవగానే ఆడదానిలా మెల్లగా దిగి, ఇద్దరి మధ్యా సర్దుకుంటాను. యజమాని తనకు ఇద్దరు భార్యలు దొరికారనుకుని మురిసిపోతాడు కాబోలు, తరమడు.

మొన్న అలాగే దిగాను. ఆమె వాలింది, వణికింది. ఇంతలో నా పొట్ట కింద నుంచి చూపుడువేలంత బుడతడొకడు రివ్వున దూసుకుపోయాడు. యజమాని వాడి వెంట పడ్డాడు. నేనూ ఒక కాటు వేద్దామనుకుని ఆగిపోయాను. ఆడవేషంలో ఉన్నవాణ్ణి, తరిమితే నా గుట్టే బయటపడుతుంది.