నిటారుగా కూర్చో నాన్నా!

పిల్లల వీపులు వంగిపోతున్నాయని పెద్దలకు బెంగ పట్టుకుంది. మందు కూడా దొరికింది. భుజాల మీదుగా తెచ్చి వీపు వెనక ఇంటూ గుర్తులా బిగించే బెల్టు. ఫోన్లో నొక్కితే ఎల్లుండికి గుమ్మంలో ఉంటుంది. ప్రకటనలో ఎడంపక్క గూని కుర్రాడు, కుడిపక్క అదే కుర్రాడు సైనికుడిలా. గూని పోవడమే కాదు, నవ్వు ముఖం, దువ్విన జుట్టు కూడా బెల్టే తెచ్చినట్టుంది.

ఆ బెల్టు కట్టుకునే కుర్రాడు ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. తెల్లారీ తెల్లారకముందే వ్యాను. బడి ఓ అపార్ట్‌మెంటు లాంటి భవనంలో మూడో అంతస్తు. ఆటస్థలం లేదని ఎవరన్నారు? బ్రోచరులో ఉంది. టైంటేబుల్లో ఆటల పీరియడ్ కూడా ఉంది. సిలబస్ వెనకబడిందని దాన్ని లెక్కల సార్ తీసుకుంటారు. ఆయన దయతలిస్తే సైన్సు మేడమ్ తీసుకుంటారు. పీఈటీ సార్‌కి ప్రేయర్లో ఈల ఊదడం, ఫీజు కట్టనివాళ్లను పక్కకి నిలబెట్టడం మిగిలాయి. సాయంత్రం స్టడీ అవర్, ఆ తర్వాత ట్యూషన్, ఆపైన హోంవర్కు. రాత్రి వాడు "నడుం నొప్పమ్మా" అంటే, "ఇరవై నాలుగ్గంటలూ ఆ ఫోనేగా!" అని జవాబు. ఆవేళ వాడు ఫోను పట్టుకున్నది బడివాళ్ల ఆన్‌లైన్ టెస్టు రాయడానికి.

ఆడపిల్లల కథ ఇంకా ముచ్చటైంది. పన్నెండేళ్లు దాటగానే తల వంచుకు వెళ్లు, తల వంచుకు రా, చున్నీ సర్దుకో అని అమ్మమ్మ నూరిపోస్తుంది. ఆ పిల్ల బుద్ధిగా భుజాలు ముందుకి ముడుచుకుని నడవడం నేర్చుకుంటుంది. పదహారు వచ్చేసరికి అదే అమ్మమ్మ, "ఆ గూనేంటే, రేపు పెళ్లిచూపుల్లో ఏమనుకుంటారు?" అంటుంది.

పుస్తకాల బస్తా మీద మాత్రం మన ప్రభుత్వాలు ఏనాడూ నిద్రపోలేదు. 1989లో రచయిత ఆర్.కె.నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని ఈ బస్తాకే ఖర్చుపెట్టారు. పిల్లలు చింపాంజీల్లా వంగి నడుస్తున్నారని వాపోయారు. 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ తెచ్చింది. బస్తా బరువు పిల్లవాడి బరువులో 10 శాతం దాటకూడదు, ఒకటి, రెండు తరగతులకైతే 1.6 నుంచి 2.2 కిలోలు, తూచడానికి బడిలో తూకం యంత్రం ఉండాలి. ఎక్కడైనా బళ్లో తూకం యంత్రం కనిపిస్తే అది క్యాంటీన్‌దై ఉంటుంది.

నిజానికి అన్నిటికీ బస్తానే తిట్టడమూ అన్యాయమే. దాని బరువుకీ పిల్లల నడుంనొప్పికీ గట్టి లంకె ఉందని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా తేల్చలేకపోయారు. బస్తా వీపు మీద ఉండేది వ్యాను నుంచి మూడో అంతస్తు దాకా. బెంచీ మాత్రం రోజంతా వదలదు. కదలని ఒంట్లో కండరానికి బలం ఎక్కడిది? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 నుంచి 17 ఏళ్లవాళ్లలో 81 శాతం మందికి ఆ పాటి కదలిక లేదని 2019లో ఆ సంస్థ పరిశోధకులే లెక్క తేల్చారు. వాళ్లందరికీ బెల్టులు అమ్మవచ్చు. మంచి వ్యాపారం.

(వెన్ను పక్కకి ఒరిగే స్కోలియోసిస్‌కి డాక్టర్లు కొలతలు తీసి వేయించే బ్రేసు వేరు. దాని జోలికి నేను పోను. వీపు ఒంకర తిరిగినట్టు అనిపిస్తే వెళ్లాల్సింది ఆ డాక్టరు దగ్గరికే, ఆఫర్ల పేజీకి కాదు.)

అయినా బళ్లు యోగా నేర్పడం లేదా? జూన్ 21న నేర్పుతున్నాయి. తాడాసనంలో నిలబడ్డ మూడు వందల మంది, వెనక బ్యానరు, పక్కన డ్రోను. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కేసరికి పిల్లలు మళ్లీ బెంచీల్లో ఉంటారు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో లేచి, "మేడమ్, మావాడికి ఆటల పీరియడ్ ఎప్పుడు?" అని అడిగి చూడండి. గదిలో ఉన్న తల్లిదండ్రులందరూ మీవైపు తిరుగుతారు. ప్రిన్సిపాల్ ఆప్యాయంగా, "ఏం సార్, బాబుకి మార్కులు తగ్గాయా?" అంటారు.