టోక్యో లెక్క, పినపాక టేకు

సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో పటాలు గీసి జనం ముందు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో సెల్‌ఫోన్ కంపెనీలకు నిబంధన పెట్టింది. దాంతో అడవులకూ రంగు పడే యోగం పట్టింది. ఆ రంగు చాలావరకు కంప్యూటర్ లెక్కల్లోంచి పుడుతుంది.

ఆ లెక్కల్లో పేరుమోసినది జపాన్‌ది. ఒకుమురా అనే ఇంజినీరు టోక్యో పరిసరాల్లో సిగ్నళ్లు కొలిచి 1968లో ఫలితాలు ప్రకటించాడు. 1980లో హాటా వాటిని సూత్రంగా కుదించాడు. పెద్ద ఊరా, చిన్న ఊరా, శివారా, బయలా అని ఆ సూత్రం అడుగుతుంది. టేకు ఆకు రాల్చిందా లేదా అని మాత్రం అడగదు. టేకు అడవుల పినపాక మండలంలో అడగాల్సింది అదే. ఎండాకాలం మోడు చెట్ల మధ్య దూరి వచ్చిన సిగ్నల్, వానకు ఆకులు తడిసేసరికి నీరసపడుతుంది. గుట్ట అడ్డమొస్తే అంతే సంగతులు.

ఇలాంటి అంచనా 8 డెసిబెల్స్ అటోఇటో తప్పడం ఇంజినీర్లకు మామూలే. 8 డెసిబెల్స్ అంటే సిగ్నల్ శక్తిలో ఆరు రెట్లకు పైమాటే. రేషన్ డీలరు తూకంలో ఇంత తేడా చేస్తే ఊరు ఊరుకుంటుందా?

పైగా ఈ తప్పుకు లౌక్యం తెలుసు. పటం గీసేటప్పుడు ‘అందుతుంది లెండి’ అంటుంది. ఖాళీ ఫ్రీక్వెన్సీని ఇంకొకరు వాడుకుంటామంటే ‘అమ్మో, తగులుతుందేమో’ అంటుంది. అమెరికాలో నౌకాదళ రాడార్ల పేరు చెప్పి 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండు చుట్టూ పెద్ద పెద్ద కంచెలు వేశారు. 2024లో లెక్క మార్చారు. ఓడ కదల్లేదు, రాడార్ కదల్లేదు; మరో 7 కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతాలకు దారి తెరుచుకుంది. ఇక్కడ ఐఐటీ బాంబే పరిశోధకులు అదే హాటా సూత్రంతో 470–590 మెగాహెర్ట్జ్ టీవీ బ్యాండును లెక్కగట్టి, 15 చానళ్లలో కనీసం 12 దేశంలో దాదాపు అన్నిచోట్లా ఖాళీయేనని తేల్చారు. ఖాళీ ఉందని చెప్పాక సూత్రం మాట ఎవరు వింటారు?

తెలుగు రాష్ట్రాలు రెండైనా స్పెక్ట్రమ్ వేలంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కటే. హైదరాబాద్ కోసం కొన్నవాళ్లకే పినపాక గుట్టల మీది స్పెక్ట్రమ్ కూడా 20 ఏళ్లు సొంతం. అక్కడ సిగ్నల్ ఉన్నా లేకున్నా, ఉపాధి హామీ హాజరు ఫొటోలు యాప్‌లోనే పెట్టాలనే హుకుం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫోన్ పైకెత్తి ఒక్క గీత కోసం గట్టెక్కే మేటుకు పటంలో రంగుంటే ఏం, లేకుంటే ఏం?

కాబట్టి ట్రాయ్‌కి ఒక మనవి. పటంలో ప్రతి రంగు పక్కనా ‘కొలిచాం’ అనో ‘ఊహించాం’ అనో రాయించాలి. కొలిస్తే ఏ నెలలో కొలిచారో కూడా. ఊహించిన చోట ఆ ఫ్రీక్వెన్సీని పంచాయతీకో, ఐటీడీఏ బడికో వాడుకోనివ్వాలి. కాదనే కంపెనీ తన ఇంజినీరును శ్రావణమాసంలో పినపాక పంపి, ఆ మేటు ఫోన్‌లోంచి ఒక్క ఫొటో ఎక్కించి చూపిస్తే సరి.