గాలేశ్వరరావు

కొత్త ఊరికి మారిన తెలుగువాడు మొదటి వారంలో మూడు వెతుక్కుంటాడు: గోంగూర దొరికే ఇండియన్ స్టోరు, పిల్లలకు మంచి బడి, శనివారం వెళ్ళడానికి గుడి. గాలేశ్వరరావు నాలుగోది కూడా వెతుక్కుంటాడు. సామాన్ల లారీ ఇంకా ఓక్లహోమా దాటకముందే ఫోను తెరిచి, కొత్త ఇంటి చుట్టూ మ్యాపులో నీలంగా కనిపించిన ప్రతి మచ్చనీ పెద్దది చేసి చూస్తాడు. వాటిలో కొన్ని చెరువులు, కొన్ని ఎవరి పెరట్లోనో ఉన్న స్విమ్మింగ్ పూళ్ళు, ఒకటి మురుగునీళ్ళు శుద్ధి చేసే చోటు. మూడూ గుర్తు పెట్టుకుంటాడు.

పేరు నేను పెట్టిందే. ఈ రకం మనిషి డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీల్లో వీధికొకడు కాకపోయినా కాలనీకొకడు దొరుకుతాడు. నలభై దాటింది. సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు, అంటే చేత్తో చేసే పని ఏదీ మిగల్లేదు. చలి రాష్ట్రంలో చాన్నాళ్ళుండి, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న మాట చెవిన పడి దిగుతాడు. న్యూజెర్సీ నుంచి వచ్చే రకమూ ఉంది గాని, మిన్నెసోటా రకం ముదురు. దాని గురించే చెబుతాను.

ఆయన వెంటపడే చేప పేరు బాస్. మన వైపు లేదు. లార్జ్‌మౌత్ రకమైతే ఆకుపచ్చ ఒళ్ళు, పక్కన నల్లటి చార, కన్ను దాటి వెనక్కి చీలిన నోరు. ఆకలేస్తే తింటుంది, ఆకలి లేకపోయినా ఎదురొచ్చినదాన్ని కరుస్తుంది. ఆ చిరాకు మీదే అమెరికాలో ఒక వ్యాపారం నడుస్తోంది. 1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఆర్కాన్సాలోని బీవర్ లేక్‌లో బాస్ పట్టే పోటీ పెట్టాడు. అక్కణ్ణుంచి అది టీవీలోకీ, ప్రైజు డబ్బులోకీ, పడవల షోరూముల్లోకీ ఎక్కింది. పట్టిన చేపని పోటీ అయ్యాక నీళ్ళలోకి వదిలెయ్యాలన్న అలవాటుని గట్టిగా నాటింది కూడా ఆయనే. ఈ చివరి సంగతి గాలేశ్వరరావు ఇంట్లో పెద్ద తగవుకి మూలం. అక్కడికి వస్తాను.

కొత్తగా వచ్చిన ఆర్నెల్లూ ఆయన నోట ప్రతి వాక్యం "మా మిన్నెసోటాలో అయితేనా" అనే మొదలవుతుంది. "మా మిన్నెసోటాలో నీళ్ళు అడుగు దాకా కనిపిస్తాయండీ." "మా మిన్నెసోటాలో స్మాల్‌మౌత్ బాస్ లాగితే భుజం ఊడేదండీ." మిన్నెసోటాలో ఉన్నన్నాళ్ళూ ఆయన అన్నది "మా హైదరాబాద్‌లో". హైదరాబాద్‌లో ఉన్నప్పుడు "మా భీమవరంలో". భీమవరంలో ఉన్నప్పుడు మాత్రం ఊరు బాగోలేదనేవాడు. ఆయన సొంత ఊరు ఎప్పుడూ ఒక స్టేషను వెనకే ఉంటుంది.

ఈ మిన్నెసోటా లెక్క వదలకపోవడం వల్ల చేపలకు చాలా మేలు జరిగింది. మిన్నెసోటాలో శీతాకాలం చెరువులు గడ్డకడతాయి. మంచుకి తొలిచిన బెజ్జంలోకి గాలం దింపి, గుడారంలో వణుకుతూ కూర్చోవచ్చు గాని, బాస్ గుడ్లు పెట్టడానికి గట్టు పక్కకి వచ్చేది మే నెలాఖరుకీ జూన్‌కీ. నీళ్ళు ఇంచుమించు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గాని అది కదలదు. డాలస్ వైపు ఆ వేడి ఫిబ్రవరి చివర, మార్చిలోనే వచ్చేస్తుంది. గాలేశ్వరరావు ఆ రెండు నెలలూ గ్యారేజీలో కూర్చుని ముళ్ళకి పదును పెట్టాడు. రీళ్ళకి నూనె వేశాడు. ఎరలని రంగులవారీగా, పొడుగులవారీగా డబ్బాల్లో సర్ది, డబ్బాలకి లేబుళ్ళు అంటించాడు. మే నెలాఖరున, లాంగ్ వీకెండ్ చూసుకుని, టోపీ పెట్టుకుని బయల్దేరేసరికి ఊళ్ళోవాళ్ళంతా పెద్ద చేపలు పట్టేసి, ఫొటోలు దిగేసి, ఎండకి భయపడి ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. చేపలూ అదే పని చేశాయి, లోతుకి వెళ్ళిపోయాయి.

నీళ్ళూ వేరే. మిన్నెసోటావి మంచుయుగం తవ్వి వదిలిన సహజమైన సరస్సులు. తేటగా ఉంటాయి, కాబట్టి సన్నటి దారం, చిన్న ఎర, మెల్లటి చెయ్యి కావాలి. డాలస్ చుట్టూ ఉన్న లూయీస్‌విల్, రే రాబర్ట్స్, లవాన్ అన్నీ వాగులకీ నదులకీ ఆనకట్టలు కట్టి నింపినవి. నీళ్ళలో మన్ను కలిసి ఉంటుంది, అడుగున పాత వాగు గట్లు, మునిగిన చెట్ల మోళ్ళు. అలాంటి నీళ్ళలో బాస్ కంటితో కంటే ఒంటితో ఎక్కువ వేటాడుతుంది. దాని పక్కటెముకల మీదుగా సాగే గీత ఒకటి నీటిలోని అదురుని పట్టేస్తుంది. అందుకని ఇక్కడివాళ్ళు గిరగిరా తిరిగే రేకులున్న ఎరలు, లోపల గుండ్లు గలగలలాడే ఎరలు వాడతారు. గాలేశ్వరరావు మాత్రం తన ఆరు పౌన్ల దారానికి వేలెడంత ఎర కట్టి, ఏ మాత్రం చప్పుడు చెయ్యకుండా, ఎంతో మర్యాదగా బురదలోకి దింపాడు. అది ఏ చేపకీ తెలియలేదు. ఒక మోడుకి తెలిసింది. అది దాన్ని ఉంచేసుకుంది.

అలా రోజూ ఎరలన్నీ మోళ్ళకి సమర్పించుకున్నాక, ఎరల దుకాణంలో ఒక ముసలాయన ఈయన చేతిలోని సన్నటి కర్రని చూసి, "ఇది పిల్లాడిదా?" అని అడిగాడు. అప్పుడు గాలేశ్వరరావు టెక్సాస్ రిగ్ నేర్చుకున్నాడు. తూటా ఆకారంలో చిన్న బరువు ముందు, దాని వెనక రబ్బరు పురుగు, ముల్లు మొన ఆ పురుగు ఒంట్లోనే దాక్కుని ఉంటుంది. కొమ్మల మధ్యనుంచి లాగినా చిక్కుకోదు. చేప నోట పెట్టుకోగానే కర్ర గట్టిగా ఎత్తితే మొన రబ్బరుని చీల్చుకుని బయటికొచ్చి దవడలో దిగుతుంది. ఈ రాష్ట్రం పేరు మోస్తున్న ఈ ఏర్పాటుని చేరుకోవడానికి ఆయనకి ఒక వేసవి పట్టింది. చూపించడానికి ముసలాయనకి రెండు నిమిషాలు పట్టింది.

దానికి లావు దారం కావాలి, లావు దారానికి బెయిట్‌కాస్టర్ రీలు కావాలి. ఇక్కడ ఆయన అసలు పరీక్ష మొదలైంది. ఈ రీలులో దారం చుట్టిన చక్రమే తిరుగుతుంది. విసిరిన ఎర గాలిలో నెమ్మదించినా చక్రం అదే జోరుతో తిరుగుతూనే ఉంటుంది. బొటనవేలు తేలిగ్గా ఆన్చి దాన్ని అదుపులో పెట్టాలి. ఎక్కువ ఆన్చితే ఎర కాళ్ళ దగ్గరే పడుతుంది. ఆన్చకపోతే దారమంతా ఉబికి, ఏడాది తర్వాత అటక మీంచి దించిన దీపావళి సీరియల్ లైట్ల తీగలా తయారవుతుంది. ఆ ముడులు విప్పుకుంటూ ఆయన కాలనీ చెరువు గట్టున గంటలకొద్దీ కూర్చోగా చూశాను. ఆఫీసు మీటింగులో ఎప్పుడూ లేనంత ఏకాగ్రతతో ఉన్నాడు.

కాలనీ చెరువు గురించి ఒక మాట. సాయంత్రం ఆరు దాటితే అక్కడ చీర మీద స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు వేసుకుని అమ్మలూ అత్తగార్లూ, వాళ్ళ వెనక చేతులు కట్టుకుని మామగార్లూ నడుస్తుంటారు. ఆర్నెల్ల వీసా మీద వచ్చినవాళ్ళు, వాళ్ళకి చూడదగ్గ వింత ఈయనే.

"ఏమైనా పడ్డాయా బాబూ?"

"ఇంకా లేదండీ."

"పడితే ఏం చేస్తావు?"

"వదిలేస్తానండీ."

"మరి ఎందుకు పట్టడం?"

"మనశ్శాంతండీ."

అడిగినావిడ ఈయన మొహం వంకా, చిక్కుపడ్డ దారం వంకా చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోతుంది. ఇరిగేషన్‌లో ఈఈగా రిటైరైన ఒక పెద్దాయన మాత్రం ఆగి, చేప ఊసెత్తకుండా, ఈ చెరువుకి తూము ఎక్కడ, మిగులు నీళ్ళు ఎటు పోతాయి అని అడిగి, కాంట్రాక్టరు తినేశాడని తేల్చి కదులుతారు.

ఖర్చు సంగతి దాచలేనిది. టెక్సాస్‌లో ఆర్నెల్లు నిండనివాడు చేపల లైసెన్సుకి పరాయి రాష్ట్రం రేటు కట్టాలి. ఆ డబ్బు గాలేశ్వరరావుకి ప్రాణం మీదికొచ్చింది. అందుకని మొదట్లో స్టేట్ పార్కులకే వెళ్ళాడు, అక్కడ గట్టున కూర్చుని గాలం వెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇలా మిగిల్చిన డాలర్లతో రెండు రీళ్ళు కొన్నాడు. "ఇది కొత్తదా?" అని భార్య అడిగితే, "పాతదే, నువ్వెప్పుడూ గమనించలేదు" అన్నాడు. ఆ జవాబు ఎవరి బీరువా ముందు నేర్చుకున్నాడో ఆవిడకి తెలుసు గనక ఊరుకుంది.

ఇక ఆ తగవు. వేసవికి వాళ్ళమ్మగారు భీమవరం నుంచి వచ్చారు. ఆవిణ్ణి డాలస్‌కి తూర్పున లేక్ ఫోర్క్‌కి తీసుకెళ్ళాడు. పెద్ద బాస్‌లకి టెక్సాస్‌లో దానికి గట్టి పేరుంది. ఆవిడ మడతకుర్చీలో కూర్చుని కొడుకు విన్యాసాలు కాసేపు చూసి, "ఒరే, ఆ తామరాకుల పక్కన వెయ్యి. కప్పని కట్టు. కొల్లేటి పక్కన గుర్రపుడెక్క అంచున కొరమీనుకి కప్పే గదరా కట్టేది" అన్నారు. ఆయన దగ్గర రబ్బరు కప్ప ఉంది. లేబులు అంటించి, డబ్బాలో, విప్పకుండా. ఆకుల మీద నుంచి దాన్ని గెంతిస్తూ లాగాడు. ఆకులు పగిలాయి, నీళ్ళు లేచాయి, కర్ర వంగింది. చేప బయటికొచ్చింది. కొలిస్తే పద్ధెనిమిది అంగుళాలు.

అమ్మగారు అప్పటికే మనసులో చింతపండు నానబెట్టేశారు.

"వదిలెయ్యాలమ్మా. ఇక్కడ పదహారు అంగుళాల లోపుదైతే ఉంచుకోవచ్చు. ఇరవై నాలుగు, ఆపైదైతే రోజుకి ఒకటి ఉంచుకోవచ్చు. మధ్యది ఉంచుకుంటే తప్పు."

"అంటే పులుసులోకి చాలనిది తినొచ్చు, గిన్నెలో పట్టనిది తినొచ్చు, సరిగ్గా ఇంటిల్లిపాదికీ సరిపోయేది మాత్రం తినకూడదు. ఎవడ్రా ఈ రూలు పెట్టింది?"

గుడ్లు పెట్టే వయసు చేపలని కాపాడ్డానికని ఆయన చెప్పాడు. ఆవిడ వినలేదు. సర్దిచెప్పడానికి, ప్రపంచ రికార్డు కథ ఎత్తుకున్నాడు: 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్రవాడు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు, అంటే పది కిలోలు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురితా దానికి సమానమైనది పట్టేదాకా దాన్ని ఎవరూ అందుకోలేదు. "పెర్రీ దాన్నేం చేశాడు?" అని అడిగారావిడ. ఇంటికి పట్టుకెళ్ళి వండుకు తిన్నారని ఒప్పుకోక తప్పలేదు. "ఆడ్రా మగాడు" అన్నారు. దారిపొడుగునా ఆ ఒక్క మాటే.

గాలేశ్వరరావుకి మింగుడుపడని రికార్డు మాత్రం వేరే ఉంది. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌన్లు, 1992 జనవరిలో ఇదే లేక్ ఫోర్క్‌లో బారీ సెయింట్ క్లెయిర్‌కి పడింది. ఆయన ఆ రోజు బాస్ కోసం వెళ్ళనే లేదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం బతికున్న చిరుచేప ఒకటి కట్టి వేశాడు. లేబుళ్ళు అంటించిన డబ్బాలున్న మనిషికి ఇంతకన్నా అవమానం ఉండదు.

లేక్ ఫోర్క్‌లో చేపలు అంత పెరగడానికి ఒక కారణం, అక్కడ ఫ్లోరిడా సంతతి బాస్‌లని తెచ్చి వదలడం. అవీ వలస వచ్చినవే. నీళ్ళు మారాయి, మేత మారింది, మోళ్ళ మధ్య చోటు వెతుక్కుని పదేసి పౌన్లు దాటి బలిశాయి. వాటిలో ఒక్కటి కూడా "మా ఫ్లోరిడాలో" అన్నట్టు దాఖలా లేదు.

మూడో ఏడుకి గాలేశ్వరరావూ పక్కాగా తయారయ్యాడు. బొటనవేలు కుదిరింది. ఫిబ్రవరిలోనే చెరువు గట్టున ఉంటున్నాడు. బురద నీళ్ళకి నలుపూ నీలం కలిసిన ఎర, ఎండ ముదిరితే తెల్లారుజామున, మబ్బుంటే రేకుల ఎర. నిన్న మొన్న న్యూజెర్సీ నుంచి దిగిన ఒకాయనకి టెక్సాస్ రిగ్ కట్టి చూపిస్తూ, "ఇక్కడి నీళ్ళు తెలియాలంటే ఇక్కడ పుట్టాలండీ" అని చెబుతుంటే విన్నాను. అమ్మగారి కప్ప ప్రస్తావన రాలేదు.

సరిగ్గా ఇప్పుడే ఆయనకి ఫ్లోరిడాలో ఉద్యోగం వచ్చింది.

కాబట్టి ఓర్లాండో చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఒక మనవి. వచ్చే నెల మీ కాలనీ చెరువు గట్టున తెల్లటి టోపీ పెట్టుకుని ఒకాయన కనిపిస్తాడు. మీ దగ్గర బాస్ గుడ్లు పెట్టడం డిసెంబరు, జనవరుల్లోనే మొదలవుతుందని ఆయనకి చెప్పి చూడండి, మార్చి దాకా నమ్మడు. "మా టెక్సాస్‌లో అయితేనా" అంటాడు, ఊఁ కొట్టండి. మొసళ్ళ సంగతి మాత్రం మొదటి రోజే చెప్పండి. అది ఆయన స్వయంగా నేర్చుకునే దాకా ఆగొద్దు.