గిట్టుబాటు మునక

పెళ్లి భోజనంలో కడుపు నిండాక కూడా వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచి ఇంకో బూరె వేయించుకునే మనిషిని నేను. ఆ బుద్ధి విస్తరి దగ్గరే ఆగితే బాగుండేది.

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో నాలుగు రోజుల స్కూబా డైవింగ్ కోర్సు చేసి ఓపెన్ వాటర్ కార్డు తెచ్చుకున్నాను. ఆ కార్డుతో 18 మీటర్ల లోతు దాకా వెళ్లొచ్చు. కోర్సులో నాలుగు, ఆ తర్వాత సరదాకి నాలుగు, లాగ్‌బుక్‌లో మొత్తం 8 డైవ్‌లు. అంతమాత్రానికే ఆఫీసులో ఎవరైనా ఈత మాటెత్తితే జాలిగా నవ్వడం మొదలుపెట్టాను.

తర్వాతి యాత్రకు రెండు దారులు కనిపించాయి. ఒడ్డున గది తీసుకుని, పొద్దున్నే బోటులో వెళ్లి రెండు డైవ్‌లు చేసి, మధ్యాహ్నానికి తిరిగి రావడం ఒకటి. వారం రోజులూ పడవలోనే తిని, పడుకుని, లేచిందే తడవుగా దూకే లైవ్‌అబోర్డ్ రెండోది. మాల్దీవుల పడవ ఒకటి 17 డైవ్‌లంది, 1,36,000 రూపాయలంది. భాగించి చూశాను. డైవ్‌కు 8,000, తిండీ పడకా అందులోనే!

మా ఆవిడ డైవింగ్ చేయదు. "మళ్లీ హేవ్‌లాకే వెళ్దామండీ. మీరు మునగండి, నేను రాధానగర్ ఇసకలో కూచుంటాను" అంది. ఆవిడకు నా లెక్క వివరించి, ఒక్కడికే టికెట్ కొనుక్కున్నాను.

బుకింగ్ ఫారంలో 'ఇప్పటివరకు చేసిన డైవ్‌లు' అని ఒక గడి. కనీసం 30 ఉండాలని పక్కనే రాసి ఉంది. 30 అని రాశాను. చెయ్యి వణకనైనా లేదు.

'బలమైన కరెంట్లు' అని కూడా ఆ కాగితంలో ఉంది. మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందోనని బెంగ. అక్కడ ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశాను. పగడపు దీవులు అక్కడ వలయాలుగా ఉంటాయి. ఆ వలయాల మధ్య సందుల్లోంచే సముద్రం లోపలికీ బయటికీ పరుగెడుతుంది. షార్కులు చేరేదీ అక్కడే, అనుభవం ఉన్న డైవర్లు దిగేదీ అక్కడే. పైన తేలుతూ నిలబడితే కొట్టుకుపోతాం కనుక, జాకెట్టులో గాలంతా ముందే తీసేసి, దూకగానే అందరూ కలిసి రాయిలా దిగిపోవాలి.

నేను దిగలేకపోయాను. ముక్కు పట్టుకుని ఊదుతూ, అంగుళం అంగుళం దిగితేనే నా చెవులు సర్దుకుంటాయి. హేవ్‌లాక్‌లో నా గురువుగారు దానికోసం ఎంతసేపైనా ఆగేవారు. ఇక్కడ మా గుంపు 18 మీటర్ల దగ్గర రాతి అంచు పట్టుకుని నాకోసం చూస్తుంటే, నేను ఐదు మీటర్ల దగ్గర చెవి పట్టుకుని వేలాడుతున్నాను. సిగ్గుతో నొప్పిని లెక్కచేయకుండా దిగాను. ఇక భయానికి ఊపిరి ఆడిన వేగం! 20 మీటర్ల లోతులో ఒక్కో శ్వాస పైన పీల్చే గాలికి మూడింతలు మింగుతుంది. మిగతావాళ్లకు గంట వచ్చే ట్యాంకు నాకు పాతిక నిమిషాలు రాలేదు. నాతోపాటు నా జతగాడూ పైకి రావలసి వచ్చింది. షార్కుల కోసం రెండేళ్లు డబ్బు దాచుకున్నానని ముందురోజు రాత్రే చెప్పాడతను. పైకొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నాలుగో డైవ్ తర్వాత ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది. హేవ్‌లాక్‌లో అయితే గదికి పోయి పడుకునేవాణ్ణి, వీధి చివర టీ తాగేవాణ్ణి. పడవలో ఒడ్డు ఎక్కడిది? మిగిలిన పదమూడు సార్లూ డెక్ మీద కూచుని, వాళ్లు దూకడమూ తేలడమూ చూశాను. 1,36,000ను ఈసారి నాలుగుతో భాగించాను. డైవ్‌కు 34,000.

ఐదో రోజు పడవ బా అటోల్‌లోని హనిఫారు బే చేరింది. నైరుతి రుతుపవనాల కాలంలో ఆ చిన్న గిన్నెలాంటి చోటికి ప్లాంక్టన్ కొట్టుకొస్తుంది, దాన్ని తినడానికి మాంటా రేలు గుంపులుగా వస్తాయి. అక్కడ స్కూబా నిషేధం. ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం, నీటిపైన తేలడం, అంతే. అనుమతి 45 నిమిషాలు. మునగకూడదు కనుక నా చెవికీ అభ్యంతరం లేదు. నా మంచం కంటే వెడల్పైన మాంటాలు నోళ్లు బార్లా తెరుచుకుని, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ, నా పొట్ట కిందుగా సాగిపోయాయి. మొత్తం యాత్రలో నేను హాయిగా ఊపిరి పీల్చింది అక్కడే. ఇది మా ఆవిడ కూడా చూడగలిగేది కదా అనిపించింది. అది ఏ లెక్కలో వేయాలో తెలియలేదు.

వచ్చే ఫిబ్రవరికి హేవ్‌లాక్‌లో ఒడ్డున గది తీసుకున్నాం, ఇద్దరికీ. మళ్లీ ఫారం, మళ్లీ అదే గడి. నేను పెన్ను తెరిచేలోపు మా ఆవిడ లాగ్‌బుక్ తెరిచి, పేజీలు లెక్కపెట్టి చెప్పింది.

"పన్నెండండీ."

12 అని రాశాను.